పరారీలో ఉన్న గొంతు

పొద్దున్నే గుమ్మంలోకి వచ్చిన పాల ప్యాకెట్టుని తిప్పి చూసి, అంచులు నొక్కి చూసి గానీ లోపలికి పోనిచ్చేది కాదు డేగ. అది ఆమె అసలు పేరు కాదు. ఊళ్ళోని పెద్ద బట్టల షాపులో ద్వారం దగ్గర నిలబడి, బయటికెళ్ళే వాళ్ళ సంచులు తెరిచి బిల్లుతో సరిచూడడం ఆమె ఉద్యోగం. అనుమానపడినందుకు జీతమిచ్చే ఉద్యోగాలు ఆడవాళ్ళకి తక్కువ. మామూలుగా ఆ పని మగవాళ్ళు ఇంట్లో కూర్చుని ఉచితంగా చేస్తుంటారు.

ఆ రోజు కూడా పాలు పొయ్యి మీద పెట్టి, కిటికీలోంచి ఎదురింటి వాళ్ళు ఏం పారేస్తున్నారో చూస్తోంది.

"మంట తగ్గించు, పొంగిపోతున్నాయి" అంది వదిన గొంతు, గిన్నెల అల్మరా దగ్గర్నించి.

వదిన జైల్లో ఉంది. డేగ ముందు మంట తగ్గించింది. తర్వాత అల్మరా తలుపు తీసి చూసింది. పైఅరలో ఖాళీగా ఉన్న పెద్ద స్టీలు డబ్బాలోంచి వస్తోంది మాట.

"నువ్వేనా?"

"నేనే. ఎవరో దొంగ గొంతనుకున్నావా?"

డేగ తల్లి వంటింట్లోకి వచ్చి డబ్బాలోకి తొంగి చూసింది. "గొంతొక్కటే వచ్చిందా కోడలా? మనిషిని రానివ్వలేదూ?" అని నిట్టూర్చి, డబ్బాలో దుమ్ముందేమోనని కొంగుతో తుడిచింది. గొంతులు ఇలా వచ్చిపోవడం ఆ ఊరికి కొత్తేం కాదు. పక్క వీధి గుమాస్తా రిటైరైనప్పుడు ఆయన గొంతు ఆఫీసులోనే ఉండిపోయి ఏడాదిపాటు ప్యూనుల మీద అరిచింది. తన కాపురంలో బాగా గడిచిన ఏడాది అదొక్కటేనని ఆయన భార్య ఇప్పటికీ అంటుంది.

వదిన బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో మైకులో చెప్పే మనిషి. ఒక రోజు, ఫలానా బస్సుకి బ్రేకులు సరిగా లేవనీ, ఎక్కొద్దనీ కూడా చెప్పింది. అది పై అధికారులు దాచమన్న సంగతి. పుకార్లు పుట్టించిందని కేసు పెట్టి లోపలేశారు. లోపలికెళ్ళాక ఊరుకుందా? ఆడ ఖైదీలకి డాక్టరు ఎందుకు రావడం లేదని అన్నం వేళ అందరి ముందూ అడిగింది. మైకు లేకపోయినా ఆవరణంతా వినబడే గొంతు అది. మర్నాడే ఆమెని ఒంటరి గదిలోకి మార్చారు. దాన్ని వాళ్ళు ఒంటరి గది అనరు, 'ప్రశాంతి గది' అంటారు.

"ప్రశాంతి గదంటే ఏమిటే?" అని అడిగింది అమ్మ.

"ఒక్కదాన్నే ఉంటానత్తయ్యా. పని లేదు. కంచం తలుపు కింద నుంచి తోస్తారు. లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నాతో మాట్లాడొద్దని వార్డరమ్మలకి ఆర్డరు."

"పని లేదా? కంచం గదిలోకే వస్తుందా?" అమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "నలభయ్యేళ్ళ కాపురంలో నాకో గది ఇచ్చిన వాడు లేడు. అదా శిక్ష?"

డేగకీ అదే అనుమానం. దెబ్బలు లేవు, ఆకలి లేదు, చాకిరీ లేదు. మరి గొంతు ఇంటికెందుకొచ్చినట్టు? తన మీద నిఘాకి కాదు కదా?

"నేను వండిన కూరలకి వంకలు పెట్టడానికి వచ్చావు కదూ?" అంది.

"వంక పెట్టాలంటే ముందు అది కూర అవ్వాలి" అంది గొంతు.

ఇది వదిన గొంతే, సందేహం లేదు. డేగ మనసు కుదుటపడి షాపుకి వెళ్ళిపోయింది.

అన్నయ్య ఒక్కడే దిగులుగా ఉన్నాడు. డబ్బా పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. వీధిలో మగవాళ్ళు అతన్ని ఓదార్చే తీరే వేరు. "నీకు గొంతు మిగిలింది, మనిషి పోయింది. మా ఇళ్ళల్లో మనిషిని ఉంచి గొంతుని తీసుకుపొమ్మను, చచ్చి వాళ్ళ కడుపున పుడతాం" అని నవ్వుకునేవాళ్ళు. వాళ్ళ భార్యలు గుమ్మాల్లో నిలబడి వింటూనే ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ మర్నాడు నిజంగానే మాట్లాడ్డం మానేసింది. ఆవిడ మొగుడు మూడో పూటకే కాళ్ళబేరానికొచ్చాడు.

రోజులు గడిచేకొద్దీ డేగకి మళ్ళీ అనుమానం మొదలైంది. ఈసారి వేరే రకం.

ఒకరోజు గొంతు, "ఆ... అది ఇలా ఇవ్వు, నీళ్ళు తాగే..." అని ఆగిపోయింది.

"గ్లాసా?"

"గ్లాసు, గ్లాసు" అని నాలుగైదుసార్లు అనుకుంది, ఎక్కడ మళ్ళీ జారిపోతుందోనని. అసలు గొంతుకి గ్లాసెందుకు? ఆ సంగతీ దానికి తట్టలేదు.

ఇంకోరోజు బస్సు అనౌన్సు చెయ్యమని అన్నయ్య ముచ్చటపడి అడిగాడు. దారిలో ఆగే ఊళ్ళన్నీ ఊపిరి తీసుకోకుండా చదివేసే మనిషి, "తర్వాత ఆగేది... తర్వాత ఆగేది..." అంటూ అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. అన్నయ్య లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

డేగ పరీక్ష పెట్టింది. కావాలనే కూరలో ఉప్పు రెండింతలు వేసి, "వదినా, నీకంటే నేనే బాగా వండుతానని వీధి వీధంతా అంటోంది తెలుసా?" అంది.

"అవునా. మంచిది" అంది గొంతు.

డేగ పొయ్యి కట్టేసింది. పన్నెండేళ్ళుగా ఈ వంటింట్లో ఇద్దరూ పోట్లాడుకుంటూ బతికారు. ఎదురుమాట లేకుండా ఒక్క మాట పడని మనిషి 'మంచిది' అందంటే, అక్కడ ఆ గదిలో మనిషి ఎంత మిగిలి ఉంది?

"అమ్మా, వాళ్ళు దీన్ని తినేస్తున్నారు" అంది. అమ్మ డబ్బాకేసి చూసి, గది గురించి తను అన్న మాట గుర్తొచ్చి కాబోలు, ముఖం తిప్పుకుంది.

అన్నయ్య అంతకు ముందే జైలు ఆఫీసుకి వెళ్ళొచ్చాడు. కలవనివ్వలేదు. ఫిర్యాదు ఇస్తానంటే తీసుకోలేదు. అక్కడి పద్ధతి ప్రకారం ఫిర్యాదు ఖైదీయే నోటితో చెప్పాలి. వారం వారం ఒక ఆఫీసరు వచ్చి తలుపుకున్న చిన్న కిటికీ తెరిచి, "ఇబ్బందులేమన్నా ఉన్నాయా?" అని అడుగుతాడు. ఖైదీ పలకకపోతే ఇబ్బందులు లేనట్టు. "మీ ఆవిడ ఒక్కసారి కూడా ఏమీ అనలేదండి, చాలా ప్రశాంతంగా ఉన్నారు" అని చెప్పి పంపించారట. గొంతు ఇంట్లో డబ్బాలో ఉంటే అక్కడ ఏ నోరు పలుకుతుంది?

"గొంతుని తీసుకెళ్ళి చూపిస్తే?" అన్నాడు అన్నయ్య. "వింటే జాలిపడరూ?"

"జాలా? పొద్దస్తమానం సంచులు చూసే దాన్ని నేను. 'పాపం, దాహమేస్తోంది, కాస్త లోపలికి రానీ' అన్న ముసలమ్మని మా మేనేజరు గుమ్మం ఎక్కనివ్వడు. 'ఆ సంచిలో ఏదో ఉంది సార్' అని నేనన్నానంటే మేడ దిగి పరిగెత్తుకొస్తాడు. ఇలాంటి వాళ్ళని కదిలించేది అనుమానం ఒక్కటే అన్నయ్యా."

ఆమె డబ్బా మూత పెట్టి చంకన పెట్టుకుని బయల్దేరింది. ఏం చెయ్యబోతోందో చెప్పలేదు. చెబితే పోనివ్వరని ఆమె అనుమానం.

జైలు గేటు దగ్గర డబ్బా ఏమిటని అడిగారు. "పారిపోయిన ఖైదీ" అంది. తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ వేశారు.

"మీ ప్రశాంతి గదిలోంచి పారిపోయి మా వంటింట్లో దాక్కుందండీ. చట్టం తెలిసిన దాన్ని కాబట్టి పట్టుకొచ్చాను" అంటూ బల్ల మీద డబ్బా పెట్టి మూత తీసింది.

"అయ్యా, ఆ... వెలిగేది ఉందే, అది ఒక్క రాత్రి ఆర్పండి" అంది గొంతు.

సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి జరిగాడు. ఆ గొంతు ఎవరిదో ఊళ్ళో తెలియని వాళ్ళెవరు? "ఇది ఎప్పుడు బయటపడింది? ఎలా బయటపడింది? ఏ వార్డరు డ్యూటీలో ఉంది?"

జైలరు ఆయన చెవి దగ్గరికి వంగాడు. "సార్, వదిలేద్దాం. గొంతే కదా."

"గొంతే కదా? ఇవాళ గొంతు, రేపు చెయ్యి, ఎల్లుండి కాలు. ముక్కలు ముక్కలుగా దాటిస్తే లెక్కలో మనిషి ఉన్నట్టే ఉంటుంది, బయట మొత్తం మనిషి తయారవుతుంది. ఎంత పన్నాగం!" తన తెలివికి తనే మురిసిపోయి, అక్కడికక్కడే పరారీ కేసు రాయించాడు. పరారీ కేసంటే పారిపోయిన వాళ్ళని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. గొంతునొక్కదాన్నే నిలబెట్టడం కుదరదు, అది ఎవరిదో ఆ మనిషీ పక్కన ఉండాలి. ఆ మాట జైలరు చెప్పబోయాడు గానీ, అప్పటికే సంతకం అయిపోయింది.

ఇంటికొచ్చి చెబితే అన్నయ్య కంచం విసిరికొట్టాడు. "పరారీ కేసా? ఇంకో రెండేళ్ళు పడుతుంది దానికి! నువ్వే పట్టించావు. మొదటి నుంచీ అదంటే పడదు నీకు!"

"పడదు. పడనిదాన్ని కాబట్టే అది తిరిగి పోట్లాడే మనిషిగా నాకు కావాలి" అంది డేగ. అన్నయ్య నమ్మలేదు. అమ్మ కూడా ఆ పూట కూతురు వడ్డించింది తినలేదు.

కోర్టుకి వదినని ఇద్దరు వార్డరమ్మలు నడిపించుకొచ్చారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కాస్త లావెక్కినట్టు కూడా ఉంది. గదిలో అంతమంది ఉంటే ఆమె మాత్రం గోడ వైపు తిరిగి నిలబడింది. వార్డరమ్మ భుజం పట్టుకుని ఇటు తిప్పితే, మెల్లగా మళ్ళీ అటే తిరిగింది. అన్నయ్య "ఏమేవ్" అని పిలిచాడు. ఆ పిలుపు గోడలోంచి వచ్చిందనుకుందేమో, గోడకి చెవి ఆనించింది.

మేజిస్ట్రేటు ఒక పెద్దావిడ. ఆమె డబ్బాని చూసి ఆశ్చర్యపోలేదు. తన అత్తగారి గొంతు ఇప్పటికీ తన ఇంట్లోనే ఉంది. "ఎందుకు పారిపోయావు?" అని అడిగింది.

గొంతు పలకలేదు. డేగ డబ్బాలోకి తొంగి చూసింది. మూసుకుపోయిందా? దారిలో మిగిలిన మాటలూ రాలిపోయాయా?

ప్రభుత్వ ప్లీడరు లేచాడు. "కొట్టలేదు, తిట్టలేదు, పస్తు పెట్టలేదు. డాక్టరు చూసి గాయాలు లేవన్నాడు. హింస అనడానికి ఇక్కడేముంది మేడం? ఈ గొంతుది వట్టి తుంటరితనం. అసలు ఇన్నాళ్ళలో ఆమె మీద ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు."

"అదేనండీ" అంది గొంతు డబ్బాలోంచి. "ఎవరూ వెయ్యలేదు."

గోడ దగ్గర వదిన తల కదిలింది.

"నేను పారిపోలేదండీ. జవాబు కోసం వెళ్ళాను. అక్కడ ఎంత అడిగినా ఎవరూ పలకరు. కంచం తోసే చెయ్యి కనిపిస్తుంది. ఆ చేతికి మనిషి ఉందా అని అడుగుతాను, పలకదు. నేనే అడిగి నేనే చెప్పుకున్నాను కొన్నాళ్ళు. తర్వాత అడిగేదెవరో చెప్పేదెవరో తెలియలేదు. మా ఆడపడుచు దగ్గరికెళితే కనీసం తిడుతుంది కదా అని..."

"తిడతాను" అంది డేగ, ఎవరూ అడగకపోయినా. "ఇంకా చాలా మిగిలిపోయింది తిట్టాల్సింది."

వదినని తెచ్చిన ఇద్దరిలో కంచం తోసే వార్డరమ్మ కళ్ళు దించుకుని నిలబడి ఉంది. మేజిస్ట్రేటు చాలాసేపు ఆమె చేతుల వైపు చూసింది.

తర్వాత ఆర్డరు చెప్పింది. గొంతుని మనిషికి అప్పగించాలి. గొంతు పారిపోయిందని సూపరింటెండెంటు గారే కేసు రాశారు, జవాబు దొరకని చోటైతే మళ్ళీ పారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, భద్రత దృష్ట్యా ఈ ఖైదీని పలికే మనుషుల మధ్యనే ఉంచాలి.

డేగ ప్లీడరుకి అడ్డం వెళ్ళింది. "అయితే అది హింసేనని తేలినట్టేనా?"

"ఆ మాట ఆర్డరులో లేదమ్మా."

"ఎందుకు లేదు?"

"ఆ ప్రశ్న ఈ కేసులో లేదు."

"ఇంకే కేసులో ఉంటుంది?" ఆయన ఫైళ్ళు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట రాయాలంటే ఎవరో ఒకరు చేశారని కూడా రాయాలి. భద్రతైతే తప్పు ఎవరి మీదా పడదు.

సూపరింటెండెంటుకి మాత్రం ఇంకో అనుమానం పట్టుకుంది. మిగతా ప్రశాంతి గదుల్లో గొంతులున్నాయా, పోయాయా? కిటికీలు తెరిచి ఒక్కొక్కరినీ పిలిచి చూశాడు. ఎవరూ పలకలేదు. ఇన్ని పరారీలు తన మీదకి వస్తాయని హడలిపోయి, సాయంత్రంలోగా గదులన్నీ ఖాళీ చేయించాడు.

వదినని పెద్ద బ్యారక్‌లోకి పంపారు. ఉన్నవాళ్ళలో సగం మందికే చాలే గదిలో అందరూ సర్దుకుంటున్నారు. పక్క పక్కనే చాపలు, బట్టల మూటలు, ఒకరి కాళ్ళు ఒకరి తలల దగ్గర. ఆమె గుమ్మంలో చాలాసేపు నిలబడింది. గొంతు తిరిగొచ్చాక నోరు ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు. చివరికి గోడ పక్కన చోటు వదిలేసి, నట్టనడుమ పడుకున్న ఒక బొద్దు మనిషి దగ్గరికి వెళ్ళింది.

"కాస్త... కాస్త జరుగుతారా?"

ఆ బొద్దు మనిషి కళ్ళు తెరవకుండానే విసుక్కుంది. "ఎక్కడికి జరగను తల్లీ, నీ నెత్తి మీదికా? చూసుకుని అడగొద్దూ?"

వదిన ఆ చాప అంచున కూలబడి, ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంకేమన్నా అనండి" అంది.