బావ బిగించిన బెల్టు

రెండు వేల పదిహేడు, ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. ఆ రోజు పొద్దున చెన్నై పొలిమేరలోని రేసు ట్రాక్ దగ్గర మా జట్టంతా తిన్నది నిమ్మకాయ పులిహోర, మినప వడలు. విజయవాడ నుంచి స్టీలు క్యారేజీలో వచ్చిన పులిహోర అది. ఒక జీడిపప్పు ముక్క నా మీద కూడా పడింది. ఎవరో తీసి నోట్లో వేసుకున్నారు.

నేను ఒక బెల్టును. ప్యాంటుకు పెట్టుకునే రకం కాదు. రేసు కారులో డ్రైవరును సీటుకు కట్టేసే ఆరు పట్టీల బెల్టును. రెండు పట్టీలు భుజాల మీదుగా, రెండు నడుము చుట్టూ, రెండు తొడల మధ్య నుంచి వచ్చి పొట్ట మీద గుండ్రటి బకిల్‌లో కలుస్తాయి. పట్టీ చివరన ఉండే ఇనుప నాలుక బకిల్‌లోకి దిగితే టక్‌మంటుంది. నాకు తెలిసిన సంగీతమంతా ఆ చప్పుడే.

నేను పుట్టింది దూరాన ఒక చలిదేశంలో, మగ్గం మీద. నాతో పాటు అదే దారంతో నేసిన మరో పట్టీని యంత్రానికి తగిలించి తెగేదాకా లాగారు. అది తెగడానికి చాలాసేపు పట్టింది. తెగినప్పుడు అక్కడున్న ఆవిడ సంతోషంగా తల ఊపి, నన్ను చేతిలోకి తీసుకుని పనికొస్తానని ముద్ర కుట్టింది. నా తోబుట్టువు అంత బరువు మోసి పోయింది కాబట్టే నా మీద నాకు నమ్మకం. మనుషులకైతే ఇలాంటి నమ్మకం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

నన్ను మొదట కొన్నది హైదరాబాదులో ఒక ధనవంతుల అబ్బాయి. కొన్నది అందానికి. నేను ఎర్రగా ఉంటాను కదా! తన కారులో నన్ను బిగించుకుని, నాతో ఫొటోలు దిగాడు. ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. చొక్కా నలుగుతుందట. తర్వాత ఆ మోజు తీరి నన్ను తీసి అమ్మేస్తే, విజయవాడ ఆటోనగర్‌లోని గంగాధర్ షెడ్డుకు చేరాను.

గంగాధర్ పని బస్సులకు బాడీలు కట్టడం. నిదానస్థుడు. నలభై దాటాక రేసుల పిచ్చి పట్టింది. ఆ పిచ్చి అంటించినవాడు బావమరిది భార్గవ్. ఇద్దరూ కలిసి షెడ్డులో ఓ మూల ఒక కారును విప్పి, లోపల ఇనుప గొట్టాలతో పంజరం కట్టి, సీటు బిగించి, ఆ సీటుకు నన్ను బిగించారు. ఆ పంజరం, నేను, డ్రైవరు మెడకు వేసుకునే గట్టి పట్టా, మేం ముగ్గురం ఒక కుటుంబం. మాతో పని పడకూడదని అందరూ దేవుడికి మొక్కుకుంటారు. అయినా మమ్మల్ని కొంటారు.

గంటల తరబడి సాగే రేసులో కారు ఒకటే, డ్రైవర్లు మారతారు. మా జట్టులో ఒక ఆచారం ఉంది. దిగినవాడే ఎక్కినవాడిని కట్టాలి. గంగాధర్ పెట్టిన నియమం అది. మోకాలు సీటు అంచుకు ఆనించి పట్టీలను కిందికి లాగుతాడు. ఆ తర్వాత ఒక్కో పట్టీని పట్టుకుని రెండుసార్లు గట్టిగా గుంజి చూస్తాడు. బస్సు బాడీకి వేసిన ప్రతి బోల్టునూ అలాగే గుంజి చూస్తాడని షెడ్డులో అందరూ నవ్వుకుంటారు.

ఆ ఆదివారం నాలుగు గంటల రేసు. మొదటి సగం గంగాధర్, రెండో సగం భార్గవ్. పులిహోర తింటూ భార్గవ్ నోరు జారాడు.

"నువ్వు నడిపేది బస్సు బావా, రేసు కారు కాదు. నువ్వు పోగొట్టిన టైమంతా నేనే రాబట్టుకోవాలి."

అందరూ నవ్వారు. గంగాధర్ నవ్వలేదు. చేతిలోని ఆకు మడిచి లేచిపోయాడు. ఆ తర్వాత బావమరిదితో ఒక్క మాట లేదు.

భార్గవ్ అక్క, గంగాధర్ భార్య హైమ రేసు చూడటానికి రావడం అదే మొదటిసారి. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సంచిలో పెట్టుకుని మరీ వచ్చింది. ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, "నాకు కప్పులూ గిప్పులూ వద్దు. మీ ఇద్దరినీ ఎట్లా తీసుకొచ్చానో అట్లాగే ఇంటికి తీసుకుపోవాలి. మీ కాళ్ల మీద మీరు నడిచి రండి, అంతే" అంది. చక్రాలకు బొట్లు పెట్టింది. స్టీరింగుకు పెట్టింది. కారులోకి తల దూర్చి, నా బకిల్‌కు కూడా కొబ్బరినీళ్లతో కలిపిన కుంకుమ నిండుగా పెట్టింది. "వీళ్లను నువ్వే చూసుకో" అని నాతోనే అన్నట్టు మెల్లగా అంది. ఎవరూ నాతో అలా మాట్లాడి ఎరగరు. నాకు గర్వంగానే ఉంది, కానీ ఆ తడి కుంకుమ బకిల్ సందులోకి జారుతోందని చెప్పడానికి నాకు నోరు లేదు.

మొదట్లో ఏమీ కాలేదు. కుంకుమ తడిగా ఉంది కనుక నాలుకలన్నీ సాఫీగా దిగాయి. గంగాధర్ తన పద్ధతిలో నిదానంగా, కారుకు గీత పడకుండా నడిపాడు. తొందరపడ్డవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోతుంటే, రెండు గంటలు గడిచేసరికి మా కారు మా విభాగంలో రెండో స్థానానికి వచ్చింది. బస్సు నడిపినట్టే నడిపాడు! ఈలోగా ఇంజను వేడికి కుంకుమ ఎండి గట్టిపడింది.

కారు ఆగింది. గంగాధర్ దిగాడు, భార్గవ్ ఎక్కాడు. గంగాధర్ వంగి ఒక్కో నాలుకనూ దించాడు. టక్, టక్, టక్. ఎడమ భుజం నాలుక కూడా దిగింది, కానీ చప్పుడు రాలేదు. చుట్టూ ఇంజన్ల హోరు. వినబడలేదేమో అనుకోవచ్చు. వేరేవాళ్లయితే అలాగే అనుకునేవారు. గంగాధర్ పట్టీని పట్టుకుని గుంజాడు. నాలుక ఊడి చేతిలోకి వచ్చింది.

"పోనియ్ బావా! మిగతావి పట్టినయ్ కదా, చాల్లే!" భార్గవ్ హెల్మెట్ లోంచి అరిచాడు.

"ఆగరా."

"మూడోవాడు వచ్చేస్తున్నాడు బావా! తర్వాత చూద్దాం!"

"తర్వాతంటే ఎప్పుడ్రా? మీ అక్కకి నేనేం చెప్పాలి?"

పొద్దుటి నుంచీ అతను బావమరిదితో మాట్లాడింది అవే మొదటి మాటలు. నీళ్ల సీసా తీసి బకిల్ మీద ధార పోశాడు. వేలు ఎర్రబడింది. ఆ ఎరుపేమిటో, ఎవరు పెట్టారో అతనికి వెంటనే అర్థమైంది. తల తిప్పి, దూరంగా కంచె పట్టుకుని నిలబడ్డ హైమ వంక ఒక్కసారి చూశాడు. మళ్లీ వంగి, నాలుకను ఆడిస్తూ, నోటితో ఊదుతూ, నీళ్లు పోస్తూ కడిగాడు. పక్కనుంచి మూడో కారు వెళ్లిపోయింది. నాలుగోదీ వెళ్లిపోయింది. జట్టువాళ్లు తలలు బాదుకున్నారు. టక్! రెండుసార్లు గుంజాడు. మోకాలు ఆనించి మళ్లీ బిగించాడు.

"ఊపిరాడట్లేదు బావా!"

"ఆడకపోతే బాగా బిగించినట్టే. ఇంక పో."

భార్గవ్ కోపంతో పోయాడు. నిజం చెప్పాలంటే అద్భుతంగా నడిపాడు. పోయిన స్థానాల్లో ఒకటి తిరిగి తెచ్చాడు. ఇంకో కారును అందుకోబోతుండగా, పెద్ద మలుపులో ఎవరి కారు కార్చిందో, రోడ్డంతా నూనె. చక్రాలు జారాయి. కారు అడ్డంగా పోయి టైర్ల గోడకు కొట్టుకుని గాల్లోకి లేచింది.

నేను పుట్టింది ఆ క్షణం కోసం. మనిషి బరువు ఒక్కసారిగా ఎన్నో రెట్లయి నా మీదకు వచ్చింది. నేను ఇనుములా బిగదీసుకుంటే అతని ఎముకలు విరుగుతాయి. రబ్బరులా సాగిపోతే తల స్టీరింగుకు తగులుతుంది. అందుకే మా నేతలో ఒక మర్మం ఉంది, కొద్దిగా సాగుతాం, ఆ సాగడంలోనే దెబ్బను తాగేస్తాం. రెండు భుజాల మీదా సమానంగా పట్టుకున్నాను. ఎడమ పట్టీ లేకపోతే అతను కుడివైపుకు తిరిగిపోయేవాడు, ఆ పైన ఏమయ్యేదో ఊహించను. పంజరం మూలిగింది, వంగలేదు. మెడ పట్టా తలను నిలబెట్టింది. కారు రెండు పల్టీలు కొట్టి తలకిందులుగా ఆగింది. భార్గవ్ నాకు వేలాడుతున్నాడు. ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ ఊపిరికి నా పట్టీలు పైకీ కిందికీ కదులుతుంటే నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఒక చేత్తో కారు పైకప్పును ఆనుకుని, రెండో చేత్తో బకిల్ తిప్పాడు. ఒక్క తిప్పుకే ఆరు నాలుకలూ వదిలేశాను. ఎంత గట్టిగా పట్టుకున్నా, అడిగిన వెంటనే వదలాలి, అదీ మా ధర్మం. కిటికీలోంచి పాక్కుంటూ బయటికి వచ్చి, పరుగెత్తుకొచ్చిన సిబ్బందిలో ఒకరి భుజం మీద చెయ్యి వేసి లేచి నిలబడ్డాడు. చేయి పైకెత్తాడు. జనమంతా లేచి అరిచారు. అంబులెన్సు దాకా తన కాళ్ల మీదే నడిచాడు. కంచె దగ్గర హైమ ఆ అడుగులన్నీ చూసింది.

వైద్యుల గదిలో జరిగింది తర్వాత షెడ్డులో భార్గవే పదే పదే చెప్పుకునేవాడు. భుజాల మీద అడ్డంగా రెండు ఎర్రటి చారలు చూసి అక్క కంగారుపడిందట.

"ఇయ్యేంట్రా?"

"బెల్టు గుర్తులక్కా. బావ బిగించాడు."

గంగాధర్ తలుపు దగ్గరే నిలబడి, "ఇప్పుడు ఊపిరాడుతోందా?" అన్నాడట.

"ఆడుతోంది బావా."

"అయితే సరే."

దెబ్బ తిన్న బెల్టును మళ్లీ వాడకూడదు. అది మా లోకపు నియమం. పొరపాటున కూడా ఎవరూ వాడకుండా గంగాధర్ నా నడుము పట్టీని కత్తిరించాడు. చెత్తలో వేయలేదు. షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించాడు. మరుసటి ఏడాది కారు మళ్లీ కట్టారు, కొత్త బెల్టు వచ్చింది. హైమ కుంకుమ భరిణ తీసుకుని కారులోకి వంగబోతుంటే గంగాధర్, "బకిల్ మీదెందుకు, ఇదిగో ఈ డ్యాష్‌బోర్డు మీద పెట్టు. అందరికీ కనబడుతుంది" అన్నాడు. కారణం చెప్పలేదు. భార్గవ్ కూడా నవ్వి ఊరుకున్నాడు. ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆ ఏడాది వాళ్లు తమ విభాగంలో గెలిచారు. ఆఖరి గంట నడిపింది గంగాధర్, పట్టుబట్టి అతన్ని ఎక్కించి, కట్టింది భార్గవ్. ఆ కప్పు ఇప్పుడు నా కిందే, బల్ల మీద ఉంటుంది.

నిన్న సాయంత్రం షెడ్డులో దీపం పెట్టి హైమ నా దగ్గరకు వచ్చింది. నా బకిల్ మధ్యలో పెద్ద బొట్టు పెట్టింది. కుంకుమ సందులోకి జారింది. గంగాధర్ చూశాడు. ఇక పర్వాలేదు కదా! అలవాటు కొద్దీ నా ఎడమ పట్టీని పట్టుకుని రెండుసార్లు గుంజాడు. భార్యను ముందు నడవనిచ్చి, చప్పుడు కాకుండా షెడ్డు తలుపు మూశాడు.