సరిగ్గా అయిదడుగులు

నేను ఒక ఎత్తు కొలిచే యంత్రాన్ని. హైదరాబాదు శివార్లలోని ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అడుగున పీట, నిలువునా స్తంభం, పైన మీ నడినెత్తిని వెతికే కన్ను. టేపు పట్టే మనిషి మొహమాటపడతాడనీ, నాకైతే ఆ బాధ లేదనీ నన్ను కొన్నారు.

నా లోపల ఉన్నవి సున్నా, ఒకటి మాత్రమే. సగం, పావు అంటే ఠక్కున రాసుకుంటాను. పదింట నాలుగు వంతులంటే ఎంత రాసినా తెగదు. చోటు అయిపోయిన దగ్గర తుంచేస్తాను. నాకు ప్రోగ్రాం రాసిన శశిధర్ మనిషి కొలతకు ఇరుకు గది, అందుకోవలసిన గీతకు ఎక్కువ అంకెలు పట్టే విశాలమైన గది ఇచ్చాడు. అందుకని 152.4 సెంటీమీటర్ల ఎత్తు నా లోపల 152.399994 అవుతుంది. గీత దానికి వెంట్రుకవాసి పైన ఉంటుంది. తెర మీద మాత్రం రెండూ 152.4.

విజయనగరంలో మహిళా గార్డుల ఎంపికకు నన్ను పట్టుకెళ్ళారు. కనీసం 152.4 ఉండాలి, అంటే అయిదడుగులు. నూకరత్నానికి అదే ఆఖరి అవకాశం, మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. నిలబడితే ఎత్తు తగ్గుతుందని పేరు పిలిచేదాకా గోనెపట్టా మీద వెల్లకిలా పడుకునే ఉంది. పక్కవాళ్ళు నవ్వినా లేవలేదు. పిలవగానే వచ్చి నా పీట ఎక్కింది.

తెర మీద 152.4 పడింది. కింద ఎర్రగా, అనర్హురాలు.

"మేడమ్, అయిదడుగులు ఉన్నాను గదండీ! మరోపాలి సూడండి," అంది.

అధికారి జోసఫీన్ మూడుసార్లు ఎక్కించింది. టేపు తెప్పించి కూడా కొలిచింది. సరిగ్గా అయిదడుగులే. "నేనేటి సెయ్యనమ్మా? మిషను సెప్పింది మారిస్తే నా ఉద్యోగం పోద్ది," అంది దిగులుగా.

నూకరత్నం దిగలేదు. తప్పు నాదని అరవాలనిపించింది. నాకున్నవి ఎరుపు, పచ్చ రెండు దీపాలే. ఏది వెలగాలో చెప్పేది నేను కాదు. చివరకు ఇద్దరు చేతులు పట్టి ఆమెను దింపారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె పెట్టుకున్న ఫిర్యాదు మీద నాలుగు నెలలకు శశిధర్ వచ్చాడు. తను రాసింది చూసి నాలుక కరుచుకుని, ఒక్క వరుస మార్చి రెండింటికీ ఒకేలాంటి గది ఇచ్చాడు. సరిచూడటానికి ఫిర్యాదులో ఉన్న కొలతనే, నూకరత్నం పేరుతో సహా, నాలోకి ఎక్కించాడు.

పచ్చదీపం వెలిగింది. నూకరత్నం, అర్హురాలు.

"మరా పిల్ల సంగతేటి బాబూ?" అంది జోసఫీన్.

"ఎంపికైనవాళ్ళ లిస్టు ఎప్పుడో వెళ్ళిపోయింది కదండీ. ఇది ఉత్త టెస్టు," అని శశిధర్ ఆ పేరు చెరిపేశాడు.