క్యాసెట్టులో లేని చరణం

గిలాదు బ్యాండు నర్సీపట్నం వస్తోందని చర్చిలో ప్రకటించిన రోజు సువర్ణమ్మ ఇంటికొచ్చాక కూడా చెప్పులు విడవడం మరిచిపోయింది. విశాఖపట్నం కుర్రాళ్ళు ఐదుగురు, ఎలక్ట్రిక్ గిటార్లతో, డ్రమ్ములతో యేసు పాటలు పాడేవాళ్ళు. సంఘ పెద్దలకు ఆ మోత గిట్టేది కాదు. యాభై దాటిన సువర్ణమ్మకు మాత్రం వాళ్ళంటే ప్రాణం. ఆర్టీసీ కండక్టరుగా పనిచేసే కొడుకు మార్కు, ఎనభై మూడులో వాళ్ళ క్యాసెట్టు తెచ్చిపెట్టాడు. అప్పటి నుంచి రెండేళ్ళుగా ఆ ఇంట్లో అదే పాట, అదే మాట.

కోడలు లీలకు మాత్రం ఆ కబురు వినగానే గుండెలో రాయి పడింది.

క్యాసెట్టు తెచ్చిన రోజునే టేప్ రికార్డరు మూడో పాటను నమిలేసింది. అప్పుడు సువర్ణమ్మ ఎస్. రాయవరంలో చెల్లెలింట్లో ఉంది. నలిగిన ముక్క కత్తిరించి లీల అతికించింది గానీ, రెండో చరణంలో రెండు వరసల మాటలు పోయాయి. అంతకు నెల ముందే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఊపిరి లేకుండా పుట్టింది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎత్తితే లీల తట్టుకోలేదనుకున్నారు. కుట్టు మిషను మీద జాకెట్లు కుడుతూ, ఆ రెండు వరసల చోట ఆమె తన మాటలు కట్టుకుంది.

*పేరు లేని పసికూనను పేరు పెట్టి పిలిచినావు,*
*ఊయలూపే ఒట్టి చేతిని నీ చేతిలోన పట్టినావు.*

చర్చిలో ఆడవాళ్ళు పాట నేర్పమంటే అలాగే నేర్పింది. టేపు నలగక ముందు విన్నవేనని అందరూ అనుకున్నారు. తనవని చెప్పడానికి సిగ్గేసింది. తరవాత చెప్పే వీలే లేకపోయింది. క్యాసెట్టు అక్కడికొచ్చి గరగరమనగానే సువర్ణమ్మే గొంతెత్తి ఆ వరసలు పాడేసేది, పాడి కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

"ఈ పాట కట్టిన కుర్రోడికి ఇదంతా ఎలాగ తెలిసిందే?" అనేది.

లీల తల వంచుకుని మిషను తొక్కేది.

సభ రోజు సువర్ణమ్మ మూడింటికే తయారైంది. "బేగి రాయే, ముందర కూకోవాల. ఆల మొకాలు నాను సూడొద్దా?"

బలిఘట్టం దారిలో చెరకు కొట్టేసిన మడిలో పందిరి వేశారు. డ్యూటీ దిగి వస్తానన్న మార్కు ఇంకా రాలేదు. అత్తాకోడళ్ళు తమ సంఘం ఆడవాళ్ళతో ముందు వరసలో కూర్చున్నారు. మొదటి పాటకు డ్రమ్ములు మోగగానే సువర్ణమ్మ ఉలిక్కిపడి లీల మోచెయ్యి పట్టుకుంది.

"సెవుల్లో కాదే, కడుపులో కొడతంది!" అని చిన్నపిల్లలా నవ్వింది.

క్యాసెట్టులోని ఆ మూడో పాట రానే వచ్చింది. గిటారు పట్టుకున్న క్రీస్తురాజు అనే సన్నటి యువకుడు రెండో చరణం ఎత్తుకున్నాడు. తుఫాను గురించీ, పడవ గురించీ ఏదో పాడబోయాడు. కానీ ముందు వరసల్లో నలభై మంది ఆడవాళ్ళు అంతకంటే గట్టిగా పసికూన వరసలు పాడేశారు. అతను ఆగిపోయాడు. గిటారు మాత్రం ఆపకుండా, మైకు వాళ్ళ వైపు చాచాడు.

వాళ్ళు పాడడం అయ్యాక అన్నాడు, "పాట మాదేనండి. ఈ మాటలు మావి కావు. ఎవరు రాశారండీ?"

"మీ క్యాసెట్టులోయే కదా బాబూ!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. లీల చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"రాసినవాళ్ళు ఇక్కడుంటే వందనాలు. మా మాటల కంటే ఇవే బాగున్నాయి. మళ్ళీ పాడండి, నేర్చుకుంటాను," అన్నాడతను.

అందరూ పాడారు. సువర్ణమ్మ పాడలేదు. కోడలి ముఖమే చూస్తూ ఉండిపోయింది. పాటయ్యాక చెయ్యి పట్టుకుని పందిరి అంచుకు తీసుకుపోయింది.

"నువ్వేనా?"

లీల తలూపింది. "తప్పైపోయింది అత్తమ్మా. మీరంత ఇష్టంగా పాడతా ఉంటే సెప్పలేకపోయాను."

"తప్పేటే?" అంది సువర్ణమ్మ. "నాకూ ఒకడు పోయాడు. మార్కు కన్నా ముందర. నీలాగే. కళ్ళు తెరవనేదు. మీ మావయ్య బతికున్నన్నాళ్ళూ ఆ ఊసెత్తనేదు, నానూ ఎత్తనేదు. నీకు పోయినప్పుడైనా నీ దగ్గర కూకుని సెప్పాల్సింది. నోరు రానేదమ్మా."

లీల అత్త భుజం మీద తల ఆనించింది. "ఆడికి పేరేటి అనుకున్నారు?" అని అడిగింది.

"సామ్యేలు. లోపల్లోపలే పిలుసుకునేదాన్ని." సువర్ణమ్మ ముక్కు చీదుకుంది. "నీ గుంటకేటి పేరు?"

లీల జవాబు చెప్పేలోపే, ఖాకీ బట్టలు మార్చకుండానే మార్కు వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూసి కంగారుపడ్డాడు. "ఏటైంది? ఇక్కడ నిలబడ్డారేటి?"

"ఏటీ అవనేదు. ఇలాగ రా," అంది తల్లి. "నీ కూతురికి పేరు సెప్తాది. ఇను."

మార్కు ముఖంలో కంగారు పోయింది. భార్య వైపు ఒక అడుగు వేశాడు. వేదిక మీద తరవాతి పాట మొదలైంది. లీల అతని చెవి దగ్గర చెప్పింది. డ్రమ్ముల హోరులో అతనికి వినబడలేదు.

"ఏటీ?"

రెండేళ్ళుగా పెదవి దాటని పేరును లీల ఈసారి గొంతెత్తి చెప్పింది.

"కరుణ!"