నడిసముద్రంలో విస్తరి

దత్తాత్రి తాళ్ళూ పరదాలూ అమ్మే మనిషి. సిద్దిపేటలో ఆయన దుకాణానికి పోతే ఎడ్ల పగ్గం మొదలుకొని వడ్ల కుప్పల మీద కప్పే టార్పాలిన్ దాకా దొరుకుతుంది. ఇరవై ఆరేళ్ళ బేరం ఆయనది. తాడును రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇది రెండు వానాకాలాలు ఆగుతుంది, ఇది ఆగదు అని చెప్పగలడు. చెప్పింది తప్పదు. అందుకే సైప్రస్ దేశంలో, లిమసోల్ రేవులో, ఆ తెల్లటి తెరచాప పడవ మీద కాలు పెట్టగానే ఆయన చెయ్యి ముందుగా తాళ్ళ మీదికే పోయింది. ఒక్కొక్కటి పట్టి చూశాడు. ముడులు చూశాడు. పడవ అంచు చుట్టూ నడుమెత్తున కట్టిన ఇనుప తీగను లాగి చూశాడు. సరుకంతా నికార్సయినది. ఎక్కడా పీచు లేవలేదు, తుప్పు లేదు.

లోపం కనపడితే బాగుండుననిపించింది ఆయనకు. తప్పు మోయడానికి కనీసం ఒక తాడన్నా దొరికేది.

ఆ పడవ మీద ఆయన తమ్ముడు భూపతి రెండున్నరేళ్ళు పనిచేశాడు. సముద్రం మీద ఒక పూట గడపడానికి వచ్చే టూరిస్టులకు వండిపెట్టడం, తెరచాప ఎత్తడం, దించడం అతని పని. నవంబరు మూడోవారంలో ఉన్నట్టుండి గాలి లేస్తే, చాప దించడానికి ముందుకు పోయాడు. నడుముకున్న పట్టీ కొక్కేన్ని తీగకు తగిలించుకోలేదు. పడవ ఒక్కసారి ఒరిగింది. అంతే. యజమాని కోస్తాస్ చీకటి పడేదాకా అక్కడే చుట్లు తిరిగాడు. సర్కారు పడవలు నాలుగు రోజులు వెతికాయి. చెప్పు కూడా దొరకలేదు.

సిద్దిపేటలో శవానికి బదులు గడ్డిబొమ్మ చేసి కాల్చారు. మూడోనాడు కోమటిచెరువు దగ్గర పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాడి మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు. నీ బిడ్డను చదివిస్తమనో, నీ అవ్వను చూసుకుంటమనో. సరైన మాట పడ్డప్పుడు కాకి దిగుతుంది. మామూలుగా గంటలో తేలిపోయే పని. భూపతికి పొద్దున పెడితే పొద్దుగూకేదాకా ఒక్క కాకి దిగలేదు. పదకొండోనాడు మళ్ళీ పెట్టారు. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చుని చూశాయి కానీ కిందికి రాలేదు.

తల్లి పెంటవ్వ ఆనాడే తేల్చి చెప్పింది. "నా కొడుకు ముట్టని బువ్వ నేను ముట్ట."

షుగరు మనిషి, డెబ్బై ఒకటో ఏడు. అప్పటి నుంచి పల్చటి జావ తాగి బతుకుతోంది. జనవరి వచ్చేసరికి రెండుసార్లు దవాఖానకు తీసుకుపోయి సెలైన్ ఎక్కించారు. మూడోసారి డాక్టరు దత్తాత్రిని పక్కకు పిలిచి, ఇట్లా తినకుండా ఉంటే నెల గడవడం కష్టమన్నాడు.

దారి చెప్పింది కులపెద్ద నాగయ్య. "వాడు నీళ్ళల్ల పోయిండు, గా దేశంల. గీడ పెడితే ఎట్లొస్తడురా? గాడికే పోయి పెట్టు."

పెంటవ్వ మంచంలో నుంచి పెద్దకొడుకు చెయ్యి పట్టుకుంది. "పో బిడ్డా. నీ మాట వాడు ఎన్నడు కాదనలే. నువ్వు పెడితే ముడతడు."

ఆ మాట దత్తాత్రికి ఎక్కడ తగిలిందో ఆమెకు తెలియదు.

సిద్దిపేటవాడే జుబేర్ లిమసోల్ రేవులో పడవలు కడిగే పనిలో ఉన్నాడు. భూపతిని ఈ కొలువులో పెట్టించింది అతనే. కోస్తాస్‌తో మాట్లాడిందీ అతనే. చలికాలం పడవ ఖాళీగానే ఉంటుంది, రమ్మను, ఒక రోజంతా తిప్పుతాను, పైసా వద్దు అన్నాడట కోస్తాస్. ఊరికే వచ్చిన సరుకును నాలుగుసార్లు తిరగేసి చూడడం దత్తాత్రి అలవాటు. ఈసారి తిరగేయలేదు.

తెల్లవారుజామున లేచి జుబేర్ గదిలో వండారు. అన్నం, గారెలు, మటన్ కూర. మోదుగాకు విస్తరి సిద్దిపేట నుంచే సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చాడు దత్తాత్రి. పడవ రేవు దాటుతుండగా జుబేర్ గిన్నె మూత తీసి వాసన చూశాడు.

"ఉప్పు జర చూడనా దత్తన్నా?"

"పిట్టకు పెట్టేది ఎవలన్న ఎంగిలి చేస్తరారా?"

"ఉప్పు తక్కువైతే భూపతి నన్నే తిడ్తడు మల్ల. నా కూర పెండ్లింట్ల మిగిలిన కూర లెక్క ఉంటదని ఉత్తగనే అంటుండె."

దత్తాత్రికి నవ్వు రాబోయి, పడవ ఊపుకు వాంతి వచ్చింది. తీగ పట్టుకుని సముద్రంలోకి వంగాడు. తుడుచుకుని తలెత్తితే ఎండ వెచ్చగా ఉంది. ఒడ్డున తెల్లటి ఇళ్ళు, వాటి వెనక బూడిదరంగు గుట్టలు. కోస్తాస్ ఇంజను ఆపి చాప ఎత్తాడు. ఒక్కసారి చప్పుడంతా పోయింది. గాలి చాపను నింపుతుంటే పడవ నీళ్ళను కోసుకుంటూ పోతోంది. దీనికోసమే జనం దేశాలు దాటి వచ్చేది. భూపతి కూడా మొదటి నెలలో వీడియో పంపి, "చూడు అన్నా, గాలికి కిరాయి లేదు" అని మురిసిపోయాడు.

రెండు గంటలైనాక కోస్తాస్ ఫోనులో ఆ చోటును చూపే అంకెలు చూసుకుని చాప దించాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి. జుబేర్‌తో ఏదో అన్నాడు.

"గిదే జాగ అంటుండు" అన్నాడు జుబేర్.

చుట్టూ చూస్తే ఏముంది, నీళ్ళు. సిద్దిపేటలో మనిషి పోయిన చోట ఒక రాయి అయినా ఉంటుంది.

పడవ ముందు భాగంలో విస్తరి పరిచాడు దత్తాత్రి. గాలికి లేవకుండా అంచుల మీద గారెలు పెట్టాడు. అన్నం కుప్పపోసి కూర వేశాడు. జుబేర్ వీడియో కాల్ కలిపాడు. సిద్దిపేటలో అప్పటికి మధ్యాహ్నం మూడున్నర. మంచం మీద దిండుకానుకుని పెంటవ్వ. ఆమె పక్కన భూపతి భార్య సింధూజ. పెంటవ్వ ముందు స్టూలు మీద కంచంలో వేడి అన్నం సిద్ధంగా ఉంది. ఇక్కడ పిట్ట ముట్టడమే తరువాయి.

"వచ్చిందా బిడ్డా?" అంది పెంటవ్వ.

"ఇప్పుడే పెట్టిన అవ్వా. వస్తది."

రెండు సముద్రపు పక్షులు దూరంగా నీళ్ళ మీద తేలుతున్నాయి. తెల్లటివి, బాతంత ఉంటాయి. విస్తరి వైపు చూసి, మళ్ళీ ముక్కులు తిప్పుకున్నాయి. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. కూర మీద కొవ్వు పేరుకుంది.

"మాట ఇయ్యి బావా" అంది సింధూజ ఫోనులో.

దత్తాత్రి రెండు చేతులూ జోడించాడు. "తమ్మీ, సంహిత చదువు నాది. అది ఎంతదాక చదువుతే అంతదాక చదివిస్త." సంహిత భూపతి కూతురు, ఏడో తరగతి.

పక్షులు కదల్లేదు.

"దుకాణం బోర్డు మీద నా పేరు పక్కన నీ పేరు రాపిస్త."

కదల్లేదు.

"దుకాణంల సగం సింధూజది. నాగయ్య ముందట రాసిస్త."

ఇది ఆయన ఇంటి దగ్గర అనుకుని వచ్చిన ఆఖరి మాట. దీని తర్వాత ఇక చెప్పడానికేమీ పెట్టుకోలేదు. అయినా ఒక పక్షి లేచి, పడవ చుట్టూ సగం తిరిగి, ఇంకా దూరం పోయి వాలింది.

గిరాకీని ఇరవై ఆరేళ్ళు చూసినవాడు దత్తాత్రి. ధర తగ్గించిన కొద్దీ ముఖం తిప్పుకునే గిరాకీకి ధరతో పని లేదు. వాడు అడిగేది వేరే ఉంటుంది. అది నువ్వు గల్లా మీద పెట్టవు. భూపతికి ఏం కావాలో ఆయనకు తెలుసు. సిద్దిపేటలో కాకులు దిగనినాడే తెలుసు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం దుకాణానికి ఫోను చేశాడు భూపతి. "అన్నా, చలికాలం సముద్రం మంచిగుండదంటున్నరు. కిందటేడు ఒకసారి పడబోయిన. నాకు భయమైతుంది. వచ్చేస్త. దుకాణంల నీకు తోడుంట." దత్తాత్రి ఒక చేత్తో ఫోను పట్టుకుని, మరో చేత్తో ఒక రైతుకు నైలాన్ తాడు కొలుస్తున్నాడు. కొలుస్తూనే లెక్క వేశాడు. ఒక దుకాణం, రెండు సంసారాలు. వాడు వస్తే ఇవాళ తోడు, రేపు వాటా. "ఒక్క చలికాలం ఓపిక పట్టురా. ఎండకాలం సూద్దాం" అన్నాడు. "సరే అన్నా" అన్నాడు భూపతి. మూడు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

ఆ మాట ఇప్పుడు చెప్పాలి. వద్దన్నది నేనే అని ఈ నీళ్ళకు వినపడేటట్టు చెప్పాలి. కానీ జుబేర్ చేతిలో ఫోను వెలుగుతోంది. అందులో పెంటవ్వ కళ్ళు చిట్లించి చూస్తోంది. నెలన్నరగా జావ తాగుతున్న మనిషి ఆ మాట విని ముద్ద ఎత్తుతుందా?

"ఫోను బంద్ చెయ్యి" అన్నాడు మెల్లగా. "సిగ్నల్ పోయిందనుకుంటరు."

జుబేర్ కట్ చేశాడు. ఇప్పుడు వినేవాళ్ళు లేరు. కోస్తాస్‌కు తెలుగు రాదు. జుబేర్ మర్యాద తెలిసినవాడు, వెనక్కి పోయి కూర్చున్నాడు. దత్తాత్రి విస్తరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచాడు. "తమ్మీ" అన్నాడు. ఆ తర్వాత విస్తరి అంచున జారిన గారెను సర్దాడు. గాలి మారింది. కోస్తాస్ ఆకాశం వైపు చూసి, గడియారం వైపు చూసి జుబేర్‌తో అన్నాడు.

"అర్ధగంటల తిరిగిపోవాల్నట దత్తన్నా. పడమటి దిక్కు నుంచి గాలి లేస్తుందట."

అర్ధగంట. అటు నెల గడవని తల్లి. ఇటు నోట్లో ఇరుక్కున్న మాట. దత్తాత్రి అలవాటైన పనే చేశాడు, తొందరగా తెగే బేరం వెతికాడు.

"ఈ పిట్టలు ఏం తింటయిరా?"

జుబేర్ ఆయన ముఖంలోకి చూశాడు. "చేపలు తింటయ్. గింత ఎర ఏస్తే వంద వస్తయ్." తర్వాత గొంతు తగ్గించాడు. "అన్నా, మీ రివాజుల గట్ల చెల్లుతదా?"

"అవ్వకు చెల్లుతది."

కోస్తాస్ దగ్గర ఐసు పెట్టెలో ఎరకు వాడే చిన్న చేపలున్నాయి. అడిగితే ఏమీ తెలియక సంతోషంగా పెట్టె మొత్తం ఇచ్చాడు. దత్తాత్రి చేపల పేగులు తీసి నీళ్ళలో విసిరాడు. నాలుగు చేపలు ముక్కలు చేసి అన్నం కుప్పలో లోపలికి నొక్కాడు. పైన కూర కప్పాడు. నాసిరకం వడ్ల మీద మంచి వడ్లు పోసి బస్తా కుట్టే చేతులను ఆయన జీవితంలో చాలా చూశాడు. వాళ్ళను తిట్టాడు కూడా.

ఆ రెండు పక్షులు ముందు లేచాయి. వాటి అరుపుకు ఎక్కడెక్కడివో వచ్చాయి. పది, ఇరవై, లెక్క తప్పింది. "కలుపు, కలుపు" అన్నాడు దత్తాత్రి. జుబేర్ ఫోను కలిపి పైకెత్తాడు. పక్షులు విస్తరి మీద పడ్డాయి. రెక్కలతో కొట్టుకుంటూ, ఒకదాని నోటిలోది ఒకటి గుంజుకుంటూ, అన్నం, గారెలు, చివరికి మోదుగాకులు కూడా చింపుకుపోయాయి. నిమిషం పట్టలేదు.

"ముట్టింది అవ్వా!" అని అరిచాడు దత్తాత్రి. "సూస్తున్నవా? ముట్టింది!"

ఫోనులో పెంటవ్వ ఏడుస్తూ దండం పెట్టింది. "వచ్చిండు నా కొడుకు. ఎంతాకలి మీదున్నడో సూడు. ఎట్ల తింటుండో సూడు." కంచంలో ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. దత్తాత్రి పడవ అంచున కూలబడ్డాడు. పని అయింది. వచ్చిన పని అయింది.

ఫోను ఊగింది. సింధూజ దాన్ని పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఆమె ముఖం దగ్గరగా కనపడింది.

"బావా. ఇందాక అన్ని మాటలిచ్చినవ్. సగం దుకాణం అన్నవ్. రాలే. ఫోను కట్ అయినంక వచ్చినయి గన్ని. ఫోను కట్ అయినంక ఏం చెప్పినవ్?"

"ఏం లేదు సింధూజా..."

"ఏందో చెప్పినవ్. ఆయనకిచ్చిన మాట ఇంట్ల నేను నడపాలె కద. నాకు తెల్వద్దా?"

నోటికి పది అబద్ధాలు వచ్చాయి. ఇల్లు కట్టిస్తానన్నానని చెప్పవచ్చు. గుడికి బోనం చేస్తానన్నానని చెప్పవచ్చు. ఏది చెప్పినా ఆమె నమ్ముతుంది. కానీ చేతులకు చేపల నీచు వాసన కొడుతోంది, ఎంత తుడిచినా పోవడం లేదు.

"ఆగస్టుల వాడు ఫోను చేసిండు" అన్నాడు. "భయమైతుంది, వచ్చేస్త అన్నడు. ఒద్దన్న. చలికాలం ఆగుమన్న. అదే చెప్పిన వానికి."

చెప్పిన తర్వాత గానీ ఆయనకు తెలియలేదు, ఆ మాట మొదటిసారి బయటికి వచ్చింది ఇప్పుడేనని.

లోపలి నుంచి పెంటవ్వ గొంతు వినిపించింది. "సింధూ, ఇంకింత కూర ఎయ్యి బిడ్డా."

"నాకు వేరే చెప్పిండు" అంది సింధూజ. "ఓనరు సెలవిస్తలేడని చెప్పిండు. ఏం మనిషి వాడు, మనసు లేదాయె అని నేనే తిట్టిన. రెండు నెలల సంది పొద్దున లేచి ఆ ముసలాయనకు శాపం పెడుతున్న. అవ్వ గూడ పెడుతుంది." తలుపు దగ్గరికేసింది. "నీ మీదికి మాట రానియ్యలే బావా, నీ తమ్ముడు."

"సింధూజా..."

"అవ్వను కడుపునిండ తిననియ్యి. తిన్నంక ఈ మాట నేనే చెప్త."

ఫోను ఆరిపోయింది.

కోస్తాస్ చాప ఎత్తుతున్నాడు. పనిలోనే ఒకసారి వచ్చి, వణుకుతున్న దత్తాత్రి భుజాల మీద తన కోటు కప్పాడు. ఫ్లాస్కులో నుంచి టీ పోసి చేతిలో పెట్టాడు. ఆయన భాషలో ఏదో చెప్పి, ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"క్షమించుమంటుండు" అన్నాడు జుబేర్. "ఆ పట్టీ తగిలించిండా లేదా అని తనే చూసుండాల్నట. రోజు గదే మనసుల తిరుగుతదట."

దత్తాత్రి టీ ఒక గుక్క తాగాడు. తప్పు నీది కాదు, వాణ్ణి రావద్దన్నది నేనేనని ఈ మనిషికి జుబేర్‌తో చెప్పించవచ్చు. జుబేర్ ఎదురుచూస్తున్నాడు కూడా.

"సింధూజ వదిన ఏమన్నది అన్నా?" అన్నాడు చివరికి.

"అవ్వ తింటుంది" అన్నాడు దత్తాత్రి.

పడవ ఒడ్డు వైపు తిరిగింది. గాలి పెద్దదైంది. పక్షులు ఇంకా పెడతారేమోనని పడవ వెంట అరుస్తూ వస్తూనే ఉన్నాయి.