ఎడమచేతి కత్తెర

నా తోడల్లుడి ఖర్చు మీద విదేశం చూడటం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. మా ఆవిడ వింటేగా! అతగాడు కనిపించిన ప్రతి గోడ ముందూ నన్ను నిలబెట్టి, "అన్నయ్యా, కాస్త నవ్వు" అంటూ ఫొటోలు తీశాడు. నవ్వేమన్నా పంపు నీళ్లా, తిప్పగానే రావడానికి?

ఆఖరి రోజు బస్సు ఒక బజారు దగ్గర ఆగింది. వీధి పొడుగునా పాత సామాన్లు నేల మీద పరిచి అమ్ముతున్నారు. ఒక ముసలావిడ దుప్పటి మీద గిన్నెలు, తాళంకప్పలు పెట్టుకుని కూర్చుంది. వాటి మధ్య ఒక దర్జీ కత్తెర కనిపించింది. పై బ్లేడు ఎడమవైపు ఉంది. చేతిలోకి తీసుకోకముందే తెలిసిపోయింది, అది ఎడమచేతివాటం వాళ్ల కోసం చేసిన కత్తెర.

నాది ఎడమచేతివాటం. ఆ చేత్తో రాస్తున్నానని బడిలో మాస్టారు మెటికల మీద కొట్టేవాడు. ఆయన కొట్టడం మానలేదు, నేను బడి మానేశాను. కుట్టుపనిలో చేరాను. అక్కడ కొట్టేవాళ్లు లేరు గానీ, కత్తెరలన్నీ కుడిచేతి వాళ్లవే. గీసిన గీత బ్లేడు చాటున పడి కనిపించదు. మెత్తటి గుడ్డయితే తెగకుండా మడతపడి మధ్యలో ఇరుక్కుంటుంది. నా బొటనవేలి మొదట్లో కాయ కాసింది, చిట్లింది, మళ్లీ కాసింది. ఎన్ని దుకాణాల్లో అడిగినా, "అలాంటివి కూడా ఉంటాయా మేస్త్రీ?" అని నవ్వారు.

కత్తిరించి చూడమన్నట్టు ముసలావిడ ఒక చారల గుడ్డముక్క అందించింది. చార వెంబడి కత్తెర తనంతట తానే నడిచినట్టు పోయింది. మొహంలో మాత్రం ఆ సంతోషం కనపడనివ్వలేదు. కావాలన్నట్టు కనిపించామా, బేరం అక్కడితో సరి.

మా ఆవిడకీ నాకూ ఒక పద్ధతుంది. నేను వస్తువు పట్టుకుని నిలబడతాను. తను దాన్ని నానా మాటలూ అని నా చొక్కా పట్టుకు లాగుతుంది. నేను మనసు చంపుకున్నట్టు కిందపెట్టి బయల్దేరతాను. నాలుగడుగులు వేసేసరికి, "రండి బాబూ, ఎంతకి అడుగుతారో అడగండి" అని వెనక నుంచి కేక వస్తుంది. మా బజారులో ఈ నాటకం తెలియని వ్యాపారి లేడు. వాళ్ల వేషం వాళ్లూ వేస్తారు. ఎవరూ నొచ్చుకోరు.

ముసలావిడ వేళ్లతో ధర చూపించింది.

"అంతా! ఈ తుప్పు ఇనుముకి అంతా?" మా ఆవిడ వెంటనే అందుకుంది. "పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు దీన్ని. మనం ఈవిడకి వెర్రివాళ్లలా కనపడుతున్నామా? పదండి, పదండి!"

నేను కత్తెర కిందపెట్టాను. సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు తోడల్లుడు.

"వదినా, నువ్వు తెలుగులో ఎంత అరిస్తే మాత్రం ఆవిడకేం అర్థమవుతుంది? నా ఫోను ఇందాకట్నుంచీ వింటోంది. మొత్తం వాళ్ల భాషలో చెప్పేస్తుంది, చూడు."

"వద్దు మరిదీ, ఆపు!"

ఆపలేదు. ఫోను మా ఆవిడ అన్న ప్రతి మాటనూ తీరిగ్గా ముసలావిడకి అప్పజెప్పింది. ఆవిడ మొహం మాడిపోయింది. కత్తెరని కొంగులాంటి గుడ్డతో తుడిచి, తుప్పెక్కడుందో చూపించమన్నట్టు మా మొహాల ముందు తిప్పి, పెట్టెలో పెట్టి మూత వేసేసింది.

"అరే, కోపమొచ్చినట్టుందే" అన్నాడు తోడల్లుడు.

"కోపం రాక ముద్దొస్తుందా? ఆ ఫోను ఇలా పట్టుకో."

వంగి ఫోనుకి నోరు దగ్గర పెట్టాను. కొనబోయే వస్తువుని నా జన్మలో పొగిడి ఎరగను.

"అమ్మా, నేను దర్జీని. నాది ఎడమచెయ్యి. ఇలాంటి కత్తెర కోసం చిన్నప్పట్నుంచీ వెతుకుతున్నాను. ఇది చాలా మంచి కత్తెర. నువ్వడిగినంతా ఇస్తాను."

ఫోను చెప్పింది. ముసలావిడ నా బొటనవేలి కాయ వైపు చాలాసేపు చూసింది. పెట్టె తెరిచి, కత్తెర తీసి నా ఎడమచేతిలో పెట్టింది. మళ్లీ అవే వేళ్లు చూపించింది. నేను జేబులో చెయ్యి పెట్టాను.

నేను ఫోనుతో అన్నదంతా పక్కనే నిలబడి విన్న మనిషి మా ఆవిడ. అయినా ఆ వేళ్లు కనపడగానే నా చొక్కా పట్టుకు లాగింది.

"మళ్లీ అంతేనా! ఒక్క పైసా తగ్గదా? ఈ మాయలాడి మాటల్లో పడకండి. పదండి!"

ఫోను ఇంకా తోడల్లుడి చేతిలోనే ఉంది. "మాయలాడి" అన్న మాటని కూడా వదలకుండా ఆవిడకి అప్పజెప్పింది.

ముసలావిడ నా వేళ్లలోంచి కత్తెరని మెల్లగా ఊడదీసుకుని పెట్టెలో వేసి, ఆ పెట్టె మీదే కూర్చుంది. డబ్బంతా తీసి ముందుపెట్టాను. తలెత్తలేదు. దండం పెట్టాను. అటు తిరిగి కూర్చుంది.

దూరంగా బస్సు హారను మోగింది. "అన్నయ్యా, మనల్ని వదిలేసి పోతారు" అంటూ తోడల్లుడు నన్ను ఈడ్చుకెళ్లాడు. పక్కన నడుస్తూ మా ఆవిడ మాటిమాటికీ వెనక్కి చూస్తోంది.

"ఏం చూస్తున్నావే?" అన్నాను పళ్లు కొరుక్కుంటూ.

"కాస్త మెల్లగా నడవండి. ఇప్పుడు పిలుస్తుంది."