చప్పుడు లేని బూట్లు

గుడ్డ బూట్లేమిటి ఈయనకి, పెళ్ళైన నాటి నుంచి తోలు బూట్లు తప్ప ఎరగని మనిషి, ఇంట్లో కూడా విప్పకుండా టకటకమంటూ తిరిగిన మనిషి, ఇవాళ కోర్టులో పిల్లల్ని చూపించే గదిలోకి పిల్లిలా వచ్చి పాప వెనక నిలబడ్డాడు, పాపకి వినపడనే లేదు, భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడి రంగు పెన్సిలు వదిలేసింది, చూశావా బుల్లీ, నాన్న బూట్లు మార్చేశాడు, ఇంక భయం లేదుగా అంటున్నాడు, భయం అన్న మాట నొక్కి మరీ, నవ్వుతూ నా వంక చూస్తూ, అద్దం తలుపు ఇవతల నా ఒళ్ళు మండిపోతోంది, ఆ సంగతి ఈయనకెలా తెలిసింది, నాన్న బూట్ల చప్పుడు వినగానే మంచం కింద దూరతానని పాప చెప్పింది కౌన్సెలింగ్ సెంటర్‌లో మేడంకి, ఇది మన మధ్యే ఉంటుంది తల్లీ అని ఆవిడ చేతిలో చెయ్యి వేశాకే, తర్వాత నాకు, నేను అక్కకి చెప్పుకుని ఏడ్చాను, అక్కేనా, అక్క నోట్లో నువ్వుగింజ నానదు, బావగారి చెవిన వేసే ఉంటుంది, మొన్న వాళ్ళింట్లో నేను గదిలోకి రాగానే బావగారు ఫోను పెట్టేయలేదూ, కాఫీ తాగుతావామ్మా అని లేని ప్రేమ ఒలకబోయలేదూ, అంతా కలిసి నా కళ్ళు కప్పుతున్నారు, అక్కడి నుంచే అక్కకి ఫోను చేసి కడిగేశాను, అది నా పిల్ల కాదటే, నా మీదా నీ అనుమానం అంటూ ఏడ్చి ఫోను పెట్టేసింది, ఏడుపు నటనేమో, ఏమో.

పక్క బెంచీ మీద మా లాయరమ్మ బిస్కెట్ టీలో ముంచుకుంటూ, అదేంటమ్మా, సెంటర్‌వాళ్ళు ఫైలు మొత్తం కోర్టుకి పంపారుగా, కాపీ మీ ఆయన లాయరుకి కూడా ఇచ్చారు, పాప మాటలు జడ్జిగారొక్కరే చూసేలా సీలు కవర్లో పెట్టమని ఎవరైనా అడిగుంటే సరిపోయేది అంది, ఎవరైనా అంటే ఎవరండీ, మీరా, నేనా, ఆ మేడమా అన్నాను, ఆవిడ బిస్కెట్ టీలో విరిగి పడింది, అయ్యో అంది, దేనికో తెలీలేదు, పాపం అక్క, అనరాని మాటలన్నీ అనేశాను.

టైమైపోయింది, ఆయన వెళ్ళిపోయాడు, వెళ్ళిన చప్పుడూ లేదు, గదిలో కూర్చునే ఉద్యోగి పాప జుట్టు నిమురుతూ ఏమైనా చెప్పాలా తల్లీ అని అడిగింది, ఏం లేదండీ అంది పాప, వంగి చెప్పుల పట్టీ పెడుతూ నేనూ అడిగాను, నాన్న ఏమన్నాడే, ఏం లేదు, భయమేసిందా, ఏం లేదు, అదే గొంతు, ఆ ఉద్యోగికి చెప్పినట్టే నాకూ, తలెత్తి చూశాను, నేను అక్కని చూసినట్టే ఇది నన్ను చూస్తోంది, నువ్వే చెప్పావు కదూ అన్నట్టు, నేను కాదమ్మా అనబోయి ఆగిపోయాను, నమ్మినా నమ్మకపోయినా ఒకటే, ఇక మీదట ఏం జరిగినా ఇది ఎవరికీ చెప్పదు, నాకు కూడా.