కనకానికి పెట్టిన పత్యం

బెల్లం కాటా పళ్ళెంలో కూర్చుని నరసమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె కూర్చున్న పళ్ళెం నేలకి ఆనిపోయి కదలడం లేదు. అవతలి పళ్ళెంలో తూకం రాళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇరవై కిలోల రాయి ఒకటి. ఇంకొకటి. మూడోది.

షావుకారు భోజనానికి వెళ్ళిన వేళ చూసి మొగుడు పరదేశి ఆమెను కొట్టుకి తీసుకొచ్చాడు. అతను ఆ కొట్లోనే బెల్లం దిమ్మలు మోసే కళాసీ. చోడవరం ఆసుపత్రిలో తూకం మిషనెక్కితే ముల్లు చివరిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. విశాఖపట్నం డాక్టరేమో బరువు రాయించుకుని రమ్మన్నాడు. ఇంత బరువు తూచే కాటా ఊళ్ళో ఇంకెక్కడుంది?

"ఒరే పరదేశీ, గొలుసు తెగిపోతే షావుకారికి ఏటి సెప్తావురా?" అన్నాడు తోటి కళాసీ ఒకడు.

"తెగదెహె. పాకం ముదిరిన దిమ్మ కాదేటి, ఎత్తి పడేసినా ఇరగదు," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో మొగుడి నవ్వు కూడా ఉందని నరసమ్మ కళ్ళు తెరవకుండానే పోల్చుకుంది.

ఆరో రాయి పడ్డాక పళ్ళెం నేల విడిచింది. గుమస్తా సత్యారావు ఒక రాయి తీసి చిన్న రాళ్ళు సర్ది, "నూటపద్దెనిమిది," అన్నాడు. దిమ్మల తూకం రాసే చీటీ మీదే రాసి ఆమె చేతికిచ్చాడు. అతనొక్కడూ నవ్వలేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టమనిపించింది.

అప్పలనరసమ్మ చోడవరంలో పిల్లల హాస్టల్లో వంటమనిషి. నెలకి తొంభైఅయిదు రూపాయలు. ఎనభైమందికి రెండు పూటలా రెండేసి గుండిగల అన్నం వార్చాలి. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు రావడం మొదలై, ముప్పయ్యెనిమిదేళ్ళకి ఇలా అయింది. అందరికీ వడ్డించాక ఆమె తినేది ఒక్క పూటే. ఆ మాట ఎవరూ నమ్మరు. చెప్పి చెప్పి ఆమే మానేసింది. చలికాలంలో ఇన్‌స్పెక్టరొచ్చి బియ్యం బస్తాలు తక్కువున్నాయేమని అడిగితే, వార్డెను రమణమూర్తి వంటింటి వైపు ఓసారి చూశాడు. ఇన్‌స్పెక్టరూ అటు చూశాడు, గుమ్మంలో నరసమ్మను చూసి నవ్వాడు. ఆ నవ్వుతో మూడు బస్తాల బియ్యం లెక్క తేలిపోయింది.

మోకాళ్ళు మడత పడడం మానేశాయి. మార్చిలో గంజి వారుస్తూ జారిపడి గుండిగెడు అన్నం నేలపాలు చేసింది. జూన్లో హాస్టలు తెరిచేనాటికి ఒళ్ళు తగ్గించుకుని వస్తే సరే, లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు వార్డెను. విదేశాల నుంచి వచ్చిన డాక్టరొకాయన విశాఖపట్నంలో కొత్త ఆపరేషను చేస్తున్నాడని చెప్పినవాడూ అతనే.

ఆ డాక్టరు మంచిగానే మాట్లాడాడు. పేగు మధ్యభాగాన్ని పక్కకి తప్పించి అటూ ఇటూ అతికిస్తే తిన్నది ఒంటికి పట్టదన్నాడు. డబ్బులక్కర్లేదు, ఆపరేషనుకి ముందూ తర్వాతా ఫొటోలు తీసుకోనిస్తే చాలన్నాడు. బల్ల మీద రెండు ఫొటోలు పెట్టి చూపించాడు. రెంటిలోనూ ఒకామే. మొదటి ఫొటోలో కుర్చీ కనబడకుండా నిండి ఉంది. రెండోదాంట్లో అదే కుర్చీలో పక్కన ఇంకో మనిషి కూర్చునేంత చోటుంది.

"మూడు నెలల్లో ఇలా అయింది. మీ వైపు మనిషే," అన్నాడు.

ఆ రెండో ఫొటోలో ఆమె పెదాలు గట్టిగా బిగించి ఉంది. గొప్పపని చేసి పైకి చెప్పుకోని మనిషిలా ఉంది అనుకుంది నరసమ్మ. బయటికొచ్చాక నర్సు రాజ్యాన్ని అడిగితే, కనకమహాలక్ష్మి, వడ్డాది అని చెప్పింది. సోమవారం వచ్చి చేరమంది.

కాటా దగ్గర్నుంచి నరసమ్మ ఇంటికొచ్చేసరికి అత్త గున్నమ్మ రోట్లో వెల్లుల్లికారం దంచుతోంది. పక్కన చేటలో ఏడాది దాటిన పాతబియ్యం ఏరి పెట్టింది.

"నెల్రోజులు కారమన్నవేనే నీకు. పూటకి సిన్న గళాసుడు కాసిన నీళ్ళు. అంతకి మించి సుక్క ముట్టనియ్యను," అంది గున్నమ్మ. "నీళ్ళు తాగితే కోసిన సోట సీము పడతాది. నీ రెండు కాన్పులకీ నానే కదేటి పత్యం పెట్టేను? ఏటయినా అయిందా?"

పద్నాలుగేళ్ళప్పుడు కాపరానికొచ్చిన కోడలిని తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన మనిషి ఆమె. నరసమ్మ అత్త చేతిలోంచి రోకలి తీసుకుని తను దంచింది. దంచుతూనే అంది.

"అత్తా, నాను రేపొకసారి వడ్డాది ఎల్లొస్తాను. కోయించుకున్నామె ఉందంట. ఎలాగుంటాదో అడిగొస్తాను."

గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్న పరదేశి, "డాట్రుకి తెలీనిది ఆవిడికి తెలస్తాదేటే?" అన్నాడు.

"డాట్రు కోస్తాడు. ఆయనేమైనా కోయించుకున్నాడేటి?"

పరదేశి బస్సు చార్జీకి రూపాయిన్నర తీసిచ్చాడు.

వడ్డాదిలో బస్సు దిగి కిళ్ళీకొట్టు దగ్గర అడిగింది. కొట్టువాడు ఆమెను కిందనుంచి పైదాకా చూసి, "ఓహో, నువ్వూనా?" అన్నాడు. చెయ్యెత్తి సందు చూపించాడు. ఆకులకు సున్నం రాసుకుంటూ తల వంచుకున్నాడు.

సందు చివర పెంకుటింటి అరుగు మీద మూడు బిందెలు వరసగా ఉన్నాయి. మూతలు పెట్టి లేవు. ఎండలో వచ్చిన నరసమ్మ గోడ పట్టుకుని నిలబడిందో లేదో, ఒక ముసలామె ఎవరు, ఏమిటి అని అడగకుండానే చెంబుతో నీళ్ళు ముంచి అందించింది.

నరసమ్మ తాగింది. తాగుతూ చూస్తే ముసలామె తన మొహంకేసి చూడడం లేదు. గొంతుకేసి చూస్తోంది. ఒక్కో గుక్కా దిగుతుంటే ఆమె గొంతు కూడా కదులుతోంది. చెంబు ఖాళీ అవగానే మళ్ళీ ముంచింది.

"సాలు పెద్దమ్మా."

"సాలంటావేటి? తాగమ్మా. ఉన్నాయి. సాలా నీళ్ళున్నాయి."

నరసమ్మ రెండో చెంబూ తాగింది. ఎందుకో తాగకపోతే బాగుండదనిపించింది. మూతి తుడుచుకుని, "కనకమహాలక్ష్మి ఇల్లు ఇదే కదా? ఆవిడి ఉన్నాదా?" అని అడిగింది.

ముసలామె చెంబు కింద పెట్టింది. "నువ్వూ కోయించుకుంటావేటమ్మా?"

"సోమారం."

"నాను దాని అమ్మని. అసిరమ్మంటారు. అది పోయి పదకొండు నెలలయినాది."

నరసమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. అసిరమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఎన్నోసార్లు తనలో తను చెప్పుకున్న మాటల్లా, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది.

"కోసినందుకు పోలేదమ్మా. గాయం బాగానే మానింది. కానీ రోజుకి పదిసార్లు, ఇరవైసార్లు విరోచనాలు. అవి కట్టేదాకా పత్యం ఇడవకూడదన్నారు అందరూ. నీళ్ళిస్తే నీళ్ళలాగే పోతాయి, కట్టడి సెయ్యమన్నారు. సేసేను. ఎవుళో సెయ్యలేదు, నానే సేసేను. అది అన్నం అడగలేదు. నీళ్ళడిగీది. నాను లేనప్పుడు తాగీసిందని బిందెకి మూత పెట్టి, మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టేను. అది ఎత్తే సత్తువ దానికి లేదు. పాక్కుంటా వచ్చి ఆ బిందెకి సెంప ఆనించి పడుకునీది. సల్లగా ఉంటాది కదా, అందుకు."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్తుంటే అసిరమ్మ లేచి, "బాబూ, నీళ్ళు తాగి ఎల్లు," అని కేకేసింది. అతను ఆగలేదు.

"పిచ్చిదాన్నంటారు," అంది మళ్ళీ కూర్చుంటూ. "పోనీ. నువ్వు దాని పొటో సూసేవా? మూడో నెల్లో ఆసుపత్రికి తీసికెల్తే తీసేరు. మాకియ్యలేదు. ఎలాగున్నాది?"

"సన్నగా, సక్కగా ఉన్నాది పెద్దమ్మా."

"నవ్వతందా?"

నరసమ్మ అరుగు మీది బిందెలకేసి చూసింది.

"నోరు తెరుసున్నాదా, మూసున్నాదా?"

"మూసున్నాది."

అసిరమ్మ తెలిసిన సంగతే అన్నట్టు తల ఊపింది. లోపలికి వెళ్ళి గుడ్డసంచీలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తెచ్చింది. "ఆసుపత్రోళ్ళిచ్చేరు. మందుల సీటీ అనుకుని దాసేను. ఇంగిలీసు. నీకు పనికొస్తాదేమో, తీసికెల్లు."

తిరుగు బస్సులో జనం పల్చగా ఉన్నారు. టికెట్లు కొట్టడం అయ్యాక కండక్టరుని పిలిచి కాగితం ఇచ్చింది నరసమ్మ. అతను పైకప్పు కడ్డీకి భుజం ఆనించి, పెదాలు కదుపుతూ ఒకసారి చదువుకున్నాడు.

"టైపు కొట్టిందమ్మా. ఆపరేషనయ్యాక ఎలాగుండాలో రాసేరు. రోజుకి మూడు లీటర్లకి తగ్గకుండా నీళ్ళు తాగించాలంట. మజ్జిగ, పళ్ళరసం ఇయ్యాలంట. ఉప్పు మానకూడదంట. విరోచనాలు ఎక్కువయితే ఆ రోజే తీసుకొచ్చీయాలంట." కాగితం తిప్పి చూశాడు. "నీకేటమ్మా?"

"కాదు బాబూ. పోయినామెకి."

కండక్టరు కాగితాన్ని దాని పాత మడతల్లోనే మడిచి ఇచ్చేసి ముందుకి వెళ్ళిపోయాడు.

దారిలో ఒకచోట బస్సాగింది. నరసమ్మ సగం లేచింది. ఇక్కడ దిగి వెనక్కి నడిస్తే పొద్దువాలకముందే ఆ అరుగు దగ్గరికి చేరుకోవచ్చు. చేరుకుని ఏమని చెప్పాలి? నీ సంచీలోనే ఉండింది అని చెప్పాలా? బస్సు కదిలింది. ఆమె మళ్ళీ కూర్చుంది.

ఆ రోజు నుంచి నీళ్ళు తాగుతుంటే ఎవరో తన గొంతుకేసి చూస్తున్నట్టే ఉండేది. సగంలో ఆపేసేది. ఆపితే దాహం. తాగితే ఆ చూపు. ఇంట్లో బిందె పక్కన నేల తడిగా కనిపిస్తే అక్కడ కాలు వెయ్యలేక చుట్టూ తిరిగి వెళ్ళేది.

గున్నమ్మకు అంతా చెప్పింది. గున్నమ్మ కళ్ళొత్తుకుంది. కానీ, "ఆళ్ళు తెలీక ఎక్కువ సేసేరు. నాకు తెలుసు ఎంతియ్యాలో. కాయితాలకేటి తెలస్తాదే పత్యం?" అంది. సోమవారం తెల్లారి కారం సీసా, పాతబియ్యం మూటగట్టుకుని బస్సెక్కింది.

విశాఖపట్నంలో డాక్టరుగారి నర్సింగ్ హోములో పరదేశి అప్పటికే సంతకం పెట్టాడు. రాజ్యం ఇంకు డబ్బా తెరిచి నరసమ్మ ముందు పట్టుకుంది.

"ఇక్కడ వేలు వెయ్యమ్మా. ఏమీ కాదు."

"డాట్రుబాబుని పిలండి సిస్టరమ్మా. ఒక మాటడగాలి."

డాక్టరు వచ్చాడు. ఆపరేషను చూడడానికి ఎక్కడినుంచో వచ్చిన మరో ఇద్దరు డాక్టర్లు ఆయన వెనక ఉన్నారు.

"ఏం నరసమ్మా, భయమేస్తోందా?"

"బయం కాదు బాబూ. కోసేక నాకు నీళ్ళు ఎన్నియ్యాలో, ఎందుకియ్యాలో మా అత్తకి సెప్పండి. తెలుగులో సెప్పండి."

"అన్నీ కాగితం మీద రాసి ఇస్తాం కదా."

"కనకానికీ ఇచ్చేరు బాబూ." నరసమ్మ మడత విప్పి అందించింది.

డాక్టరు పైన ఉన్న పేరు చదివాడు. పక్కవాళ్ళతో ఇంగ్లీషులో ఏదో అని, "ఈమె తర్వాత చూపించుకోడానికి రాలేదు. ఎలా ఉంది?" అన్నాడు.

"నీళ్ళడిగి అడిగి సచ్చిపోనాది. పదకొండు నెలలయినాది."

వచ్చిన డాక్టర్లలో ఒకాయన కిటికీలోంచి బయటికి చూశాడు. డాక్టరు కాగితాన్ని ఇంకోసారి చదివాడు. తను రాయవలసిందంతా అందులో ఉంది. ఒక్క మాటా తప్పు లేదు. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. మీ ఆయన సంతకం పెట్టాడుగా."

"కోసీది ఆయన్నా, నన్నా బాబూ?"

పరదేశి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఒసే నరసా, ఇంకెంతే, రెండు నెలల్లో హాస్టలు తెరుస్తారు. ఇలాగే ఎల్తే వార్డెనుబాబు గుమ్మం ఎక్కనిస్తాడేటే? బేగి ఏలెయ్యి."

ఆ సంగతి నరసమ్మకూ తెలుసు. మోకాళ్ళకూ తెలుసు. పొయ్యి దగ్గరికి వేరే మనిషి వచ్చి నిలబడినట్టు కళ్ళకు కనిపిస్తూనే ఉంది.

గున్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నానున్నాను కదే పిచ్చిదానా. నిన్ను సావనిస్తానేటి? నీళ్ళు ఎక్కువైతే సీము పడతాదే తల్లీ, నా మాటిను," అంది. అంటుంటే కళ్ళనీళ్ళు బుగ్గల మీదికి జారాయి.

నరసమ్మ అత్త మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో అబద్ధం లేదు. వడ్డాదిలో అరుగు ముందు చతికిలబడిన మనిషి కళ్ళలో కూడా లేదు. లోపల సిద్ధంగా ఉన్న కత్తికంటే ఆ ప్రేమకే ఆమె ఒళ్ళు జలదరించింది.

బొటనవేలిని గుప్పిట్లో ముడుచుకుంది.

"నా ఎదట మీలో ఎవులో ఒకరు మా అత్తకి ఇవరంగా సెప్పాల. మా అత్త సరేననాల. అందాకా ఏలెయ్యను," అంది.

డాక్టరు రాజ్యంకేసి విసుగ్గా చూసి, వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఉండమనీ చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు. పరదేశి తలపట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

రాజ్యం ఇంకు డబ్బా మూసింది. వచ్చి బల్ల మీద గున్నమ్మ పక్కన కూర్చుంది.

"మామ్మా, ఒక్కసారి నా మాట విను. పేగు అతికించాక ఒంట్లో నీరు నిలవదు..."

గున్నమ్మ మొహం గోడకేసి తిప్పుకుంది.

లోపల్నుంచి "సిస్టర్!" అని కేక వినిపించింది. రాజ్యం లేవబోయి ఆగింది. రెండో కేక ఇంకా గట్టిగా వచ్చింది. ఆమె తలుపుకేసి చూడలేదు. గోడకేసి తిరిగి ఉన్న ఆ నెరిసిన తల వైపే వంగి, మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.